మా చావుకు ఏ విశేషణం?

పత్రికలో వార్త కన్నా ముందు విశేషణం వస్తుంది. ప్రమాదం జరిగిందని చెప్పేలోపే అది 'ఘోర' ప్రమాదమో 'స్వల్ప' ప్రమాదమో తేలిపోయి ఉంటుంది. సభలో ఏం మాట్లాడారో తెలియకముందే అది 'భారీ' బహిరంగసభ. పెద్దమనిషి పోతే 'తీరని లోటు'. గోదావరిఖని చౌరస్తాలో నైటు షిఫ్టు దిగొచ్చి టీ హోటల్ బెంచీ మీద కూర్చున్న కార్మికుడు ఈ మాటల్ని పనిగట్టుకుని చదవడు. కానీ ఎక్కడ ఆగి అయ్యో అనాలో, ఎక్కడ ఆగకుండా ఆటల పేజీకి పోవాలో ఆ మాటలే అతనికి చెప్పేస్తాయి. అంటే మనిషి చావుకూ బతుక్కూ విలువ కట్టే పని ఎవరో చేసిపెట్టిన తర్వాతే పేపరు మన చేతికొస్తున్నది. ఆ ఎవరో ఎవరు, ఏ లెక్కన కడుతున్నారు అన్నదే బొగ్గు ప్రాంతపు ముస్లింలుగా మేం అడుగుతున్న ప్రశ్న.

1965లో యొహాన్ గాల్టుంగ్, మారి రూజ్ అనే ఇద్దరు నార్వే పరిశోధకులు కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాల మీద తమ దేశంలోని నాలుగు పత్రికలు రాసిన వార్తల్ని పరిశీలించి, ఏది వార్త అవుతుంది, ఏది కాదు అని ఒక పెద్ద వ్యాసం రాశారు. పెద్ద దేశాల సంగతులు, పెద్ద మనుషుల సంగతులు, ఒక్కసారిగా విరుచుకుపడే సంఘటనలు, చదివేవాళ్ల సంస్కృతికి దగ్గరగా ఉన్నవి ముందుకొస్తాయని వాళ్లు తేల్చారు. దీనికి నార్వే దాకా పోవాల్సిన పనిలేదు. మా బాయిమీద ఏ ముసలి కార్మికుణ్ణి అడిగినా ఇదే చెబుతాడు. బొగ్గుపెళ్ల మీదపడి ఒక్కడు పోతే జిల్లా పేజీ, పదిమంది పోతే మొదటి పేజీ, దొర కాలు బెణికితే పరామర్శల ఫోటో.

తెలుగులో చావుకు ఉన్నన్ని మాటలు బతుక్కి లేవేమో. మరణించాడు, మృతి చెందాడు, దుర్మరణం పాలయ్యాడు, ప్రాణాలు కోల్పోయాడు, హతమయ్యాడు, నేలకొరిగాడు, అసువులు బాశాడు, కన్నుమూశారు, పరమపదించారు, అస్తమించారు, అమరులయ్యారు. ఇవన్నీ ఒక్క పనికే పేర్లు. కానీ ఏ మాట ఎవరికి వాడాలో ఏ విలేకరికీ ఎవరూ పాఠం చెప్పరు, అయినా తప్పు పోడు. ఎన్‌కౌంటర్లో పోయినవాడు 'హతం'. పోలీసు పోతే 'వీరమరణం'. సాహిత్యవేత్త 'అస్తమయం'. గనిలో పోయినవాడికి ఎక్కువగా దక్కేది 'దుర్మరణం'. అందులోని 'దుర్' అనే ముక్క చావు చెడ్డదని చెబుతుంది గానీ, చెడగొట్టింది ఎవరో చెప్పదు.

అంతకన్నా చిన్న చోట, క్రియ చివరి అక్షరంలో, ఇంకో తూకం ఉంది. 'కార్మికుడు మృతి చెందాడు.' 'అధికారి మృతి చెందారు.' ఈ 'డు'కీ 'రు'కీ మధ్య ఉన్న దూరం బాయి పైనుంచి పనిస్థలం దాకా ఉన్న దూరం కన్నా ఎక్కువ. ఇంగ్లీషు పేపరుకు ఈ అవకాశం లేదు, అక్కడ ఇద్దరికీ ఒకే క్రియ. తెలుగు రాసేవాడు మాత్రం ప్రతి వాక్యంలోనూ ఎదుటివాడి అంతస్తు నిర్ణయించక తప్పదు. అందులోనూ మా పేర్ల సంగతి వేరే. మస్టర్ రిజిస్టర్లో మహమ్మద్ అనే పేరును ఇంగ్లీషులో రెండక్షరాలకు కుదిస్తే, దాన్ని తెలుగులో 'ఎండీ' అని రాశారు. ప్రవక్త పేరు ఇంటిపేరులాగా, ఇనీషియల్ లాగా మిగిలింది. షేక్ 'ఎస్‌కే' అయ్యాడు. ఒకే పేజీలో పైన సింగరేణి 'సీఎండీ' గారు పర్యటించారు, కింద 'ఎండీ' ఫలానా గాయపడ్డాడు. అక్షరాలు అవే, ఒక్క 'సీ' తేడాతో క్రియ మారిపోయింది.

ఈ తూకం పత్రికలు కనిపెట్టింది కాదు. చట్టంలోనే ఉంది. 1952 నాటి గనుల చట్టం గాయాలను రకాలుగా విడగొట్టింది. అవయవం పోయినా, చూపు పోయినా, ఎముక విరిగినా 'తీవ్ర శారీరక గాయం'. 72 గంటలు, అంతకు మించి పనికి రాలేకపోతే 'నివేదించదగ్గ గాయం'. 71 గంటలకు లేచి డ్యూటీకి వస్తే ఆ నొప్పి ఆ చట్టం లెక్కలో 'నివేదించదగ్గ గాయం' అయ్యేది కాదు. ఇక గనుల భద్రత లెక్కల్లో ఒకే ప్రమాదంలో పదిమంది, అంతకు మించి పోతేనే దాన్ని 'డిజాస్టర్' అంటారు. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 375 మంది పోయిన సంగతి దేశమంతా ఎరుగు. మా దగ్గర 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి అలాగే నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది జలసమాధి అయ్యారు. అదే ఏడాది అక్టోబర్‌లో జీడీకే 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది పోయారు. సరిగ్గా పది. ఆ పదో మనిషి బతికి ఉంటే మిగిలిన తొమ్మిదిమంది చావు ఆ లెక్కల్లో ఒక మెట్టు కిందికి దిగి ఉండేది.

ఒక్కొక్కరుగా పోయినవాళ్ల సంగతి ఏమిటి? పైకప్పు ఒకరినో ఇద్దరినో పొట్టన పెట్టుకోవడం సింగరేణిలో ఎన్నేళ్లుగానో ఉన్నదే. 1989లో 'ఈనాడు' జిల్లా ప్రత్యేక సంచికలు మొదలుపెట్టింది, తర్వాత మిగతా పత్రికలూ ఆ దారి పట్టాయి. దానివల్ల మా ఊళ్ల వార్తలు అచ్చులోకి ఎక్కాయి, కాదనలేం. వాటర్ ట్యాంకర్ రాలేదన్న వార్త కూడా వచ్చింది. కానీ ఆ పేజీ జిల్లా దాటలేదు. గోదావరిఖనిలో పోయిన కార్మికుడి వార్త కరీంనగర్ జిల్లా పేజీల్లో చచ్చిపోయేది. హైదరాబాద్‌లో సెక్రటేరియట్ బల్లల మీద పడే పేపర్లో అది ఉండదు. వార్తను దగ్గరికి తెచ్చినట్టే తెచ్చి దాని బరువు తగ్గించడం ఇట్లా కూడా జరుగుతుంది. దీనికి విశేషణం కూడా అక్కర్లేదు.

పేపర్లు తలచుకుంటే మరోలా చేయగలవని కూడా చూశాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్తే, ఆ వార్తను 'మహోద్యమం' చేసి రోజూ నిలబెట్టింది తెలుగు పత్రికలే. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. మాట బరువు పెరిగితే ప్రభుత్వం కదులుతుందనడానికి అంతకన్నా ఏం కావాలి? అదే 1992లో సింగరేణి బీఐఎఫ్ఆర్ గడప ఎక్కింది. కంపెనీకి 'ఖాయిలా' అన్న పేరొచ్చింది. 'నష్టాల ఊబి', 'గైర్హాజరు', 'క్రమశిక్షణా రాహిత్యం' అన్న మాటలు వరసకట్టాయి. అంతకు ముందు 1981లో, సమ్మె చేస్తే ఒక్కరోజుకు ఎనిమిది రోజుల జీతం కోసే చట్టం మీద కార్మికులు 56 రోజులు సమ్మె కట్టినప్పుడూ ఇంతే. ఆ పోరాటంలోంచే సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టింది. సమ్మె వార్త రాసేటప్పుడు నష్టాన్ని టన్నుల్లో కొలిచే అలవాటు ఇప్పటికీ పోలేదు. ఇన్ని వేల టన్నుల ఉత్పత్తికి విఘాతం అంటారు. పస్తున్న ఇళ్లను కొలవడానికి టన్నులాంటి కొలత ఏదీ లేదు మరి.

ఇంతవరకు చెప్పింది కార్మికులందరి సంగతి. బాయిలోకి దిగాక ముస్లిం, మాల, మాదిగ, కాపు అందరి మొహాలూ ఒకే నలుపు. చావుల జాబితాలో మా పేరు మిగతా పేర్ల మధ్య ఒక పేరు. నిజం చెప్పాలంటే పత్రికలు మమ్మల్ని మామూలు మనుషులుగా చూసింది ఆ జాబితాల్లోనే. 'ఎండీ' అని రాసినా పక్కన 'కార్మికుడు' అనే రాశారు, 'ముస్లిం' అని రాయలేదు. అదే మనిషి బాయి నుంచి పైకొచ్చి, స్నానం చేసి, జుమా నమాజుకు టోపీ పెట్టుకుని బయల్దేరాక పత్రిక భాష మారిపోతుంది. అతనుండే వాడ 'సున్నితమైన ప్రాంతం' అవుతుంది. ఎన్నికలొస్తే 'సమస్యాత్మకం'. గొడవ జరిగితే అతను 'ఒక వర్గం'.

ఈ 'ఒక వర్గం' అన్న మాట మంచికోసమే పుట్టింది. మతఘర్షణల వార్తల్లో మతాల పేర్లు రాస్తే మంట పెరుగుతుందని ప్రెస్ కౌన్సిల్ హెచ్చరిస్తూ వచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ చదివేవాడు పేరు లేని చోట పేరు పెట్టుకునే చదువుతాడు. 'ఒక వర్గం వారు రాళ్లు రువ్వగా' అన్న వాక్యంలో ఆ వర్గం ఎవరో తెలియని పాఠకుడు తెలుగుదేశంలో ఎవరూ లేరు. రాళ్లు తగిలింది ఆ వర్గానికే అయినప్పుడూ మాట అదే, కనుక దెబ్బ తిన్నవాడికి కూడా పేరు దక్కదు.

దీనికి పాత చరిత్ర ఉంది. సింగరేణి గనుల కథ నిజాం రాజ్యంలో మొదలైంది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం దాన్ని సొంతం చేసుకుంది. రామగుండం వైపు గనులు ఆంధ్రప్రదేశ్ వచ్చాక తెరిచినవే అయినా, పని మాటలు మాత్రం పాతవే వచ్చాయి. హాజరు, నాగా, సర్దార్, జమేదార్, దఫ్తర్, దవాఖాన. హిందువైనా ముస్లిమైనా మా దగ్గర జ్వరమొస్తే దవాఖానకే పోతాడు. కానీ అచ్చులోకొచ్చేసరికి అది 'ఆసుపత్రి' అయింది. మా నోట్లో ఉన్నది తౌరక్యాంధ్రమని, కల్తీ అని, దిద్దాల్సిందని చాలాకాలం అనిపించుకున్నాం. తెలంగాణలో కవులే లేరన్న ఒక్క చిన్నచూపు మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబు చెప్పారు. కల్తీ భాష అన్న మాటకు అంత జవాబు రాలేదు.

పైగా ఆ ఉర్దూ మాటల్ని పత్రికలు పూర్తిగా వదిలేశాయా అంటే అదీ లేదు. ఎంచి వాడుకున్నాయి. మామూలు ఆజ్ఞ అయితే 'ఉత్తర్వు', 'ఆదేశం'. దౌర్జన్యంతో కూడిందని చెప్పాలంటే 'హుకుం జారీ', 'ఫర్మానా', 'ఫత్వా'. కులపంచాయతీ ఒక కుటుంబాన్ని వెలేస్తే కూడా 'ఫత్వా'. అందులో మౌల్వీ ఎక్కడా లేడు. ఫత్వా అంటే అడిగినవాడికి మతశాస్త్రం తెలిసినవాడు చెప్పే అభిప్రాయం. తెలుగు శీర్షికలో అది బెదిరింపు. ఎవడో అధికారి విచ్చలవిడిగా ఉంటే 'నవాబు'. ఒక భాషలోంచి మాటలు తెచ్చుకుని చెడ్డపనులకే వాడితే, ఆ భాష మాట్లాడేవాడి మీద అభిప్రాయం ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

'రజాకార్' అన్న మాట చూడండి. ఉర్దూలో దానికర్థం స్వచ్ఛంద సేవకుడు. 1947, 48ల్లో ఖాసిం రజ్వీ మనుషులు ఆ పేరుతో చేసిన దుర్మార్గాలు కప్పిపుచ్చేవి కావు. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో నడివీధిలో నరికి చంపారు. అతనూ ముస్లిమే, పత్రికా రచయితే. కానీ రజాకార్ అన్న మాట ఆ ముఠా దగ్గర ఆగలేదు. దశాబ్దాల తర్వాత పుట్టిన పిల్లవాణ్ణి కూడా బడిలో, వీధిలో ఆ మాటతో పిలవగలిగారు. ఇంకోవైపు 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు ఎక్కి కూలగొట్టినవాళ్లకు పత్రికలు వాడిన మాట 'కరసేవకులు'. దానికీ అర్థం స్వచ్ఛందంగా చేతులతో సేవ చేసేవాడనే. ఒకే అర్థమున్న రెండు మాటల్లో ఒకటి తిట్టయింది, ఇంకోటి కూల్చివేత తర్వాత కూడా 'సేవ'ను మోస్తూనే ఉంది. సుప్రీంకోర్టు 2019 నవంబర్ 9 తీర్పులో ఆ కూల్చివేత చట్టపాలనకు ఘోరమైన ఉల్లంఘన అని చెప్పింది. కోర్టుకు దొరికిన విశేషణం పత్రికలకు 27 ఏళ్లు దొరకలేదు.

మసీదుకైతే 'వివాదాస్పద కట్టడం' అని పేరు. నాలుగు శతాబ్దాలకు పైగా నిలిచిన మసీదు, కూలిన రోజుకు మసీదు కూడా కాదు, కట్టడం. ఆ రోజుల్లో మా పెద్దవాళ్లు హైదరాబాద్ నుంచి వచ్చే ఉర్దూ పేపర్లు చదివేవారు, తెలుగు మీడియంలో చదివిన మేం తెలుగు పేపర్లు. ఒకే ఇంట్లో ఒకే సంఘటన రెండు భాషల్లో రెండుగా జరిగింది. ఉర్దూలో మసీదు 'షహీద్' అయింది. ఇటుకల గోడకు మనిషిలా అమరత్వం ఇచ్చిన మాట అది. తెలుగులో వివాదాస్పద కట్టడం నేలమట్టమైంది. ఉర్దూ పత్రికలకు తూకం లేదని కాదు. అక్కడా చావుకు 'హలాక్', 'ఫౌత్', 'ఇంతెఖాల్', 'జాఁ బహక్', 'షహీద్' అని మెట్లున్నాయి. తనవాడికి ఒక మెట్టు, పరాయివాడికి ఇంకో మెట్టు. గనిలో ఒకే పెళ్ల కింద ఇద్దరు పోతే ఒకరికి 'జాఁ బహక్', ఇంకొకరికి 'హలాక్' రాసే పత్రిక మా భాషలోదైనా దాన్ని సమర్థించలేం. కాకపోతే ఆ పత్రిక మా వీధి దాటి ఎవరి అభిప్రాయాన్నీ మార్చలేదు. తెలుగు పత్రిక రాష్ట్రాన్ని మారుస్తుంది.

1948 దగ్గరికి మళ్లీ రావాలి, ఎందుకంటే మాటతో బరువు తగ్గించడంలో అంతకు మించిన ఉదాహరణ మా చరిత్రలో లేదు. సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా భారత సైన్యం మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నాయకత్వంలో హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. ట్యాంకులొచ్చాయి, విమానాలొచ్చాయి. దానికి పెట్టిన పేరు 'పోలీసు చర్య'. ఏదో చౌరస్తాలో లాఠీచార్జీ జరిగినట్టు. ఆ తర్వాత ముస్లింల మీద జరిగిన హత్యాకాండను చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులను పంపింది. గఫార్ కూడా 'పయామ్' అనే ఉర్దూ పత్రిక నడిపిన సంపాదకుడు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయని, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది దాకా పోయి ఉంటారని వాళ్లు అంచనా వేశారు. ఆ నివేదిక 2013 దాకా జనం కంటపడలేదు. 27 వేల చావులకు అరవై అయిదేళ్లు ఏ విశేషణమూ లేదు. ఘోరమని గానీ, విషాదమని గానీ, ఆఖరికి స్వల్పమని గానీ.

సెప్టెంబర్ 17కు మాత్రం పేర్లకు కొదవలేదు. విమోచన, విలీనం, విద్రోహం. 2022లో కేంద్ర ప్రభుత్వం విమోచన దినమని, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమని ఒకే ఊళ్లో వేర్వేరు మైదానాల్లో జెండాలెగరేశాయి. 2024లో అదే తేదీ ప్రజాపాలన దినోత్సవమైంది. మేం ఏ పేరు అంటే ఏ పక్షమో తేలిపోతుంది కాబట్టి మాలో చాలామంది ఆ రోజు తేదీ మాత్రమే చెబుతారు.

కొన్నిసార్లు మాట ఏమీ మారదు, అక్షరాల సైజు మారుతుంది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక హైదరాబాద్‌లో ముస్లిం కుర్రాళ్లను పట్టుకెళ్లారు. వాళ్లకు 'అనుమానితులు' అన్న మాట ఎంత త్వరగా 'ఉగ్రవాదులు'గా మారిందో అప్పటి పేపర్లు దాచుకున్నవాళ్లు చూడొచ్చు. తర్వాత కోర్టుల్లో వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. ప్రభుత్వం పరిహారం ప్రకటించేదాకా వచ్చింది. నిర్దోషికి తెలుగులో గొప్ప విశేషణాలు లేవు. 'ఘోర నిర్దోషి' అనలేం కదా. అందుకని విడుదల వార్త లోపలి పేజీలో సింగిల్ కాలంలో సర్దుకుంటుంది.

మాకు పెద్ద మాటలు కావాలని కాదు. పెద్ద మాటలు దక్కినచోట కూడా లెక్క సరిగా లేదు. విసునూరు దేశ్‌ముఖ్‌తో తన భూమికోసం కొట్లాడి హత్యకు గురైన షేక్ బందగీ కథే తర్వాత 'మా భూమి' నాటకానికి ప్రేరణ. దొడ్డి కొమురయ్య 1946 జులై 4న పోవడానికి కొన్నేళ్ల ముందే బందగీ పోయాడు. కొమురయ్యను సాయుధ పోరాటపు తొలి అమరుడంటాం, ఆ గౌరవం ఆయనకు న్యాయంగా దక్కిందే. కాకపోతే 'తొలి' అన్న మాట కూడా ఒక విశేషణమే, దాన్ని ఎక్కడినుంచి లెక్కపెట్టాలో ఎవరో నిర్ణయించారు.

ఇప్పుడు గోదావరిఖని మారింది. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న సింగరేణి ఉద్యోగులు 40 వేల చుట్టుపక్కలకు దిగారు. ఓపెన్‌కాస్టులొచ్చాయి, కాంట్రాక్టు కార్మికులు పెరిగారు. 'నిర్వాసితులు' అన్న కొత్త మాట జిల్లా పేజీల్లో స్థిరపడింది. 2022 మార్చి 7న రామగుండం ప్రాంతంలోని అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు పోయారు. ఇద్దరు అధికారులు, ఒకరు కాంట్రాక్టు కార్మికుడు. ముగ్గుర్నీ కలిపి రాసే వాక్యంలో క్రియ 'మరణించారు' అనే ఉంటుంది, తెలుగు వ్యాకరణం ఇంకో దారి ఇవ్వదు. ఒక్కొక్కరి గురించి విడిగా రాయాల్సిన చోటికి వచ్చినప్పుడు, ఆ కాంట్రాక్టు కార్మికుడి పేరు దగ్గర 'రు' నిలబడిందో, 'డు'లోకి జారిందో, ఆ రోజు పేపర్లు ఇంట్లో ఉన్నవాళ్లు తీసి చూడొచ్చు.